మూరెడు పైకి జరిగిన మేకు

ఒక ఇనుప మేకు ఎంత బరువుంటది? అరచేతిల పెట్టుకుంటే ఉన్నట్టే తెల్వదు. అసువంటి మేకును నేను దగ్గర దగ్గర నలభై ఏండ్ల నుంచి మోస్తున్న. ఇంట్ల చెప్పలేదు. చాయ్ హోటల్ల చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్తున్న. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు చెప్పను. అందుకే ఈ మాత్రం ధైర్యం.

ముందుగాల ఒకటి తెలుసుకో. నాకు పెంచి చెప్పే గుణమున్నది. ఎనభైలల్ల సిరొంచల నా అంత దర్జీ లేడు. అహేరి నుంచి పెండ్లికొడుకులు నా కాడికే వచ్చేటోళ్లు. చూసినవా, అప్పుడే మొదలైంది. ఒక్కడు వచ్చిండు. వాడు గూడ అక్కడి దర్జీకి జరమొచ్చిందని వచ్చిండు. ఈ ముచ్చట రాసేటప్పుడు గూడ నా చెయ్యి అట్ల జారుతనే ఉంటది. జారినప్పుడల్ల నేనే దిద్దుకుంట, నువ్వు జర ఓపిక పట్టు.

మాది మహారాష్ట్ర దిక్కు ఒడ్డు, అప్పుడు ప్రాణహిత మీద వంతెన లేదు. అవతలికి పోవాల్నంటే పడవే. పొద్దుగాల మిషను మీద కూసుంటే గెడకర్ర నీళ్లల్ల దిగే చప్పుడు, మల్లయ్య కేక ఇనిపించేది. "ఎక్కుండ్రి ఎక్కుండ్రి, మేకలు ఒకదిక్కు, మనుషులు ఒకదిక్కు!" మల్లయ్య పడవ నడిపేటోడు. నన్ను బావా అనేటోడు. చుట్టరికమేం లేదు, వాడకట్టు వరస. "మా బావ చెప్పిన ముచ్చట సగం నరకాలె, మిగిలిన దాంట్ల గూడ సగమే నమ్మాలె" అని పడవల ఎక్కినోళ్లకల్ల చెప్పేటోడు. అందరు నవ్వేది. నేను గూడ నవ్వేది. ఆ నవ్వు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది.

మా ఒడ్డుకు ఒక మద్దిచెట్టు. దాని మొద్దుకు మేకులు. వరద వచ్చి, ఎక్కి ఎక్కి, ఒక కాడ ఆగుతది గదా, ఆగిన కాడ మేకు కొట్టుడు మా ఆచారం. ఆ పని పడవోళ్ల ఇంటిది. కమ్మరి కొలిమిల చేసిన నాలుగు పలకల మేకు. మగవాళ్లు కొడితే ఆడవాళ్లు పసుపు రాసేది. "ఇంతవరకే తల్లీ, ఇగ మర్లిపో" అని నదికి చెప్పేది. అన్నిటికంటె పైన ఉన్న మేకు మల్లయ్య నాయిన కొట్టింది. ఆ వరదప్పుడు మల్లయ్య అత్తగారింటికి పోయి అవతలి ఒడ్డున చిక్కుకున్నడు. నేను ఇక్కడనే ఉన్న. చెట్టు కాడ నీళ్లు నా రొమ్ము దాక వచ్చినయి. మరుసటేడే ఆ ముసలాయన పోయిండు. మేకు ఉండిపోయింది.

కొన్నేండ్లకు శాసనసభ కమిటీ వస్తదని ఊరంత ఒకటే ముచ్చట. బొంబాయి నుంచి. నది ఒడ్డు పొంటి ఉన్న సర్కారు భూములు చూస్తరట. దున్నుకుంటున్నోళ్లకు ఏది పట్టా చెయ్యాలె, ఏది ఎవలకు ఇయ్యకుండ ఉంచాలె అని తేలుస్తరట. వరద ఎక్కే జాగ ఎవలకీ ఇయ్యరు, అక్కడ చెట్లు నాటి ఒడ్డును నిలబెడ్తరు. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంట. తప్పు వాళ్లది కాదు.

మద్దిచెట్టుకు ఎగువ, వరద ఆగిన అంచుకు పైన, మల్లయ్యకు రెండెకరాల చేను. నాయిన రాళ్లేరి చదును చేసిండు, కొడుకు జొన్న, మిర్చి పండిస్తుండు. కాయితం లేదు. ఆ కాయితం కోసమే మల్లయ్య కమిటీకి ఎదురుచూస్తుండు. "బావా, పట్టా వచ్చిన్నాడు నువ్వే నాకు తెల్ల అంగీ కుట్టాలె" అన్నడు. కుడ్త అన్న.

ఇగ నా పని చెప్త. తహసీలు ఆఫీసు గుమాస్తా ఒకాయన పాయింటు కుట్టించుకోను వచ్చిండు. నాకు మరాఠీ బాగ వచ్చు. నడుము కొలత తీసుకుంట, వరద సంగతి అడిగితే చెప్పిన. నీళ్లు నా నెత్తి మీంచి పోయినయన్న. కొమ్మ పట్టుకొని మూడు దినాలు వేలాడిన్నన్న. ఆయన నవ్వుతడనుకున్న. నవ్వలేదు. జేబులకెల్లి పుస్తకం తీసి రాసుకున్నడు. వారం దినాలకు మల్ల వచ్చిండు. "నువ్వు చెప్పింది కాయితం మీదికెక్కింది. కమిటీ ఆ చెట్టు చూస్తదట. నువ్వే దగ్గరుండి చూపియ్యాలె, తెలుగోళ్ల మాట మరాఠీల చెప్పాలె" అన్నడు.

అప్పుడన్న చెప్పొచ్చు గదా. సారూ, పెంచి చెప్పిన, రొమ్ము దాకనే వచ్చింది అని. ఎంతసేపటి పని? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగిన్ననో ఈ మాట. భయమా? కాదు, ఆయనేం తిట్టే మనిషి కాదు. సిగ్గు. నా జీవితంల మొట్టమొదటిసారి ఒకాయన నా మాట నరకకుండ మొత్తం నమ్మిండు, ఆ నమ్మకం పోగొట్టుకోబుద్ధి కాలేదు. గింతే. దీనికి ఇంకేం పెద్ద కారణం లేదు, ఉంటే బాగుండు.

అంగడి దినం పగటీలి, ఊరంత అంగట్ల ఉన్నప్పుడు సుత్తె, పట్కారు పట్టుకొని పోయిన. మెడల టేపు ఉండనే ఉండె. మేకు తేలిగ్గ రాలేదు, బెరడు దాన్ని కరుచుకున్నది. పీకి, నా నెత్తికంటె కొంచెం పైన కొట్టిన. టేపు పెట్టి చూస్తే మూరెడు. పాత పొక్కల ఒండ్రుమట్టి కూరి, బెరడు ముక్క అద్దిన. కొత్త కాడ పసుపు రుద్దిన. దర్జీ చేతులు గదా, అతుకు అవుపడనియ్యలేదు.

మల్లయ్య చేను మీంచే ఇంటికి మర్లిన. జొన్న నడుమెత్తు ఉన్నది. నాకు తట్టలేదా అప్పుడు? బట్ట మీద మూరెడంటే మూరెడే. సాపు నేల మీద నీళ్ల ఎత్తు మూరెడు పెరిగితే అది ఎంత దూరం పారుతదో నది ఒడ్డున పుట్టినోనికి తెల్వదా? తట్టలేదని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. కాని జొన్న నడుమెత్తు ఉన్నదని ఇప్పటికీ యాదికున్నదంటే, చూసిన్ననే గదా అర్థం.

కమిటీ వచ్చింది. ఇరవై జీపులు. కాదు, మూడు. కమిటీ పెద్దాయన దొడ్డు కండ్లద్దాలు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. ఎండల నిలబడి అందరి మాట ఇన్నడు. మల్లయ్యను ముందుకు పిలిచిన్రు, మేకులు వాళ్ల ఇంటివి గనుక. మల్లయ్య మేకు దిక్కు చూసిండు. చెయ్యి ఎత్తి ముట్టిండు. కండ్లు చిట్లించిండు.

"సారూ, మా నాయిన రొమ్ము దాక అని చెప్పిండు. ఇదేమో నెత్తి మీదికున్నది" అన్నడు. తర్వాత తనే నవ్విండు. "అవునుతియ్, చెట్టు పెరుగుతుంటది గదా! చెట్టుతోని మేకు గూడ పైకెక్కింది."

నేను మరాఠీల చెప్పిన. పెద్దాయన గూడ నవ్విండు, కాని ఎక్కిరింత లేదు. మల్లయ్య భుజం మీద చెయ్యేసి చెప్పిండు. చెట్టు కొసలకు పెరుగుతది, మొద్దు లావైతది, అంతే. మొద్దుకు కొట్టిన మేకు నూరేండ్లయినా కొట్టిన కాడనే ఉంటది, జరగదు.

ఆ మాటను ఒక్క అక్షరం పెంచకుండ, తగ్గించకుండ తెలుగుల చెప్పిన. ఆ దినం నేను సాపుగ చెప్పిన మాట అదొక్కటే. ఆ మాటే మల్లయ్యను ముంచింది.

మల్లయ్య మేకు మీంచి చెయ్యి తీసిండు. "గట్లనా? అయితే నేనే సక్కగ ఇనలేదేమో. మా నాయిన మేకు అబద్ధమాడది. రాసుకోండ్రి" అన్నడు.

సర్వేయర్లు మూడుకాళ్ల దుర్బీను పెట్టి, మేకు ఎత్తు పట్టుకొని, సున్నంతోని గీత గీసుకుంట పోయిన్రు. గీత మల్లయ్య చేను దాటి దాని అవతలి గట్టుకు పోయింది, చేనంత వరద జాగల పడ్డది, పట్టా రాలేదు. వానకాలంల మొక్కలొచ్చినయి. వాటిని నాటినోళ్లల్ల మల్లయ్య గూడ ఉన్నడు. తన చేన్ల, తన చేతుల్తోని గుంతలు తవ్విండు. తెల్ల అంగీ మాట మల్ల ఎత్తలేదు.

రెండేండ్లకో మూడేండ్లకో ప్రాణహిత మల్ల లేచింది. ఇది గూడ ఆ మొదటి పెద్ద వరదంతే వచ్చిందని పెద్దలన్నరు. ఎక్కి, ఎక్కి, ఆగింది. మల్లయ్య మేకు, సుత్తె పట్టుకొని నీళ్లల్లకు దిగిండు. నేను పక్కకున్న. నీళ్లు నా రొమ్ము దాక ఉన్నయి. నేను కూరిన మట్టిని నది కడిగేసింది. మల్లయ్య నీళ్ల అంచు మీద మేకు పెడితే, సుత్తె ఎత్తకముందే వేలుతోనే లోపలికి పోయింది.

"ఇక్కడ ముందే పొక్క ఉన్నది బావా."

"పురుగు తిని ఉంటది" అన్న.

మేకు బయిటికి తీసిండు. పొక్క చుట్టు వేలు తిప్పిండు. "పురుగు నాలుగు పలకల తింటదా?" అన్నడు. తర్వాత పైనున్న నాయిన మేకు దిక్కు చూసి, నా దిక్కు చూసి, మెల్లగ అడిగిండు. "ఈసారి నీ ముచ్చట ఎంత నరకాలె బావా?"

నవ్వలేదు. నేను గూడ నవ్వలేదు. ఒడ్డు మీద ఆడవాళ్లు పసుపు గిన్నె పట్టుకొని పిలుస్తున్నరు. మల్లయ్య ఆ పొక్కలనే మేకు పెట్టి, గట్టిగ రెండు దెబ్బలు కొట్టి ఒడ్డెక్కిండు.

ఎవలకీ చెప్పలేదు. నన్ను మల్ల అడగలేదు. బావా అని పిలుచుడు ఆపలేదు, అదే నాకు పెద్ద శిక్ష అయింది. పడవల నా ముచ్చట్ల మీద జోకులేసుడు మాత్రం ఆపిండు. ఒకరోజు దుకాణం బందు పెట్టి, నిజం చెప్దామని తహసీలు దాక పోయిన. మెట్ల కాడ నిలబడ్డ. మర్లి వచ్చిన. ఆ తర్వాత ఒక తెల్ల అంగీ కుట్టిన, కొలత తీసుకోకుండనే, కండ్లతోనే చూసి. ఇయ్యలేదు. ఏ మొఖంతోని ఇయ్యాలె?

మల్లయ్య పోయి చాన ఏండ్లయింది. అంగీ పెట్టెలనే ఉన్నది, మడతల కాడ పసుపుబారింది. ఆ మొక్కలు ఇప్పుడు పెద్ద చెట్లు. ఒడ్డు కోసుకపోకుండ కాపాడుతున్నయని వచ్చిన సార్లంత మెచ్చుకుంటరు. మంచిదే. నీడల నిలబడి నేను గూడ మెచ్చుకున్న, ఒకసారి. ఆ నీడ కింద జొన్న మొలవదు.

మొన్న టేపు పట్టుకొని మద్దిచెట్టు కాడికి పోయిన. పైన ఆ రెండు మేకులున్నయి, రెండూ బెరడుల సగం మునిగినయి. పెద్దాయన చెప్పింది నిజమే. చెట్టు పెరిగింది గని మేకులు జరగలేదు. రెండిటి నడుమ కొలిసిన.

మల్లయ్యా, పైమేకు మీ నాయిన కొట్టింది కాదు. నేను పీకి, నేను కొట్టింది. మూరెడు. ఏం నరకకు, ఏం కలపకు. మూరెడే.