కంప్యూటర్ వైపు చూడని అమ్మాయి

యూనివర్సిటీలో మా పరీక్షలు కంప్యూటర్‌కు మారేదాకా క్లాసులో నేనే ఫస్టు. నా గుండ్రటి అక్షరాలు చూసి సార్లు ముచ్చటపడి మార్కులు వేసేవారు. మౌసుతో జవాబు నొక్కే పరీక్ష వచ్చాక ఆ అక్షరాలతో ఎవరికీ పని లేకపోయింది. బుక్కరాయసముద్రం నుంచి ఆటోలో వచ్చే ఒకమ్మాయి ఫస్టు రావడం మొదలైంది.

ప్రశ్న చదవగానే ఆమె తల పక్కకు తిప్పి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలించేది. తర్వాత ఒక్కసారి నొక్కేది, ఇక మార్చేది కాదు. నొక్కింది నాలుగుసార్లు మార్చే నాకు ఆ నెమ్మది చూస్తే కడుపు మండిపోయేది.

మూడో సెమిస్టరులో ఓర్వలేక ల్యాబ్ సార్ దగ్గరికి వెళ్లాను.

"ఆయమ్మి పక్క కంప్యూటర్లో చూసి పెడతాండాది సార్."

ఆ కళ్లు మూసి ఉంటాయని నాకు తెలుసు.

మరుసటి రోజు సార్ ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, వేరే ప్రశ్నలతో మళ్లీ పరీక్ష పెట్టాడు. ఆమె తప్పాలని కోరుకుంటూ నేను వరండాలో నిలబడ్డాను. బయటికి రాగానే నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"నా మింద ఎవురో చెప్పినారంట మే."

నేను చేతిలో ఉన్న నోట్సు తెరిచి పేజీలు తిప్పాను.

"ఎవురైతే ఏమిలే. పోయిన తూరి కంటే మూడు మార్కులు ఎక్కువే వచ్చినాయి. నువ్వు గూడా తెరను అదేపనిగా చూడాకు. తల తిప్పి, కండ్లు మూసుకోని యోచన చెయ్యి."

తర్వాతి పరీక్షలో ఆమె చెప్పినట్టే చేశాను. నా మార్కులు పెరిగాయి. ఫస్టు మాత్రం ఆమే.

ఆ అసూయ ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ రోజు ఆమె నన్ను నాలుగు మాటలు తిట్టి ఉంటే వదిలేదేమో.