మాస్టారి పాదం నొక్కిన పిల్ల

కిడ్నీలు రెండూ నిక్షేపంలా ఉండగానే ఊరంతటికీ కిడ్నీ రోగిని అయిపోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. పదకొండేళ్ళకే నేను అది సాధించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లె, కొబ్బరి, జీడి తోటల మధ్య, సముద్రానికి కూతవేటు దూరంలో. మా తాత కిడ్నీ జబ్బుతో పోయాడు. మా చుట్టుపక్కల ఆ జబ్బు లేని వీధి లేదు. నీళ్ళ వల్లే వస్తోందని కొందరు, కాదని కొందరు మా అరుగు మీద కూర్చుని వాదించుకునేవారు. గొంతెండిపోయేదాకా వాదించుకుని, మంచినీళ్ళు అడిగి తాగి లేచిపోయేవారు. వాళ్ళ మాటలు విన్న నేను మాత్రం నీళ్ళు మానేశాను. బోరు నీళ్ళు వద్దు, బావి నీళ్ళు వద్దు, కాచి చల్లార్చినవీ వద్దు. కొబ్బరి బొండం నా కళ్ళ ముందు కొడితే తాగేదాన్ని. నా దాహం కోసం నాన్న పొద్దున్నా సాయంత్రం చెట్టెక్కేవాడు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ జబ్బొస్తే ముందు పాదాలు వాస్తాయని, వేలితో నొక్కితే గుంట పడుతుందని విన్నాను. ఇక రోజంతా పాదాలు నొక్కుకోవడమే పని. నొక్కీ నొక్కీ కందిపోయేవి. కందాయి కాబట్టి వాచాయనుకుని మళ్ళీ నొక్కేదాన్ని. నా తెలివితేటలు ఆ స్థాయిలో ఉండేవి. తర్వాత ఇంట్లో వాళ్ళ కాళ్ళు, ఆ తర్వాత చుట్టాల కాళ్ళు. పిల్ల ఎంత వినయంగా దండం పెడుతోందో అని మురిసిపోయి వాళ్ళు దీవించేవారు.

ఒకరోజు బడిలో మాస్టారు లెక్క చెబుతూ నా పక్కన నిలబడ్డారు. వంగి ఆయన పాదం నొక్కాను. ఆయనా దీవించబోయారు. ఈలోగా నేను లేచి, "మీకూ ఒచ్చీసింది మాస్టారూ" అన్నాను.

పాపం ఆయనకి కోపం రాలేదు, చెమటలు పట్టాయి. వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుని, ఏమీ లేదని తేలాక మా ఇంటికొచ్చారు. "మీ అమ్మాయి నీరసంతో క్లాసులో తూలిపోతోంది. ఇది అల్లరి కాదు, భయం. డాక్టరుకి చూపించండి" అన్నారు.

అప్పటికే నాన్నమ్మ దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం అయిపోయాయి. తాయెత్తు బిగుతుగా ఉంటే చెయ్యి కూడా వాచిందని గగ్గోలు పెట్టాను. టెక్కలిలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, కిడ్నీలు బాగున్నాయన్నారు. పిల్లల మనసు జబ్బులు చూసేవాళ్ళు ఈ దగ్గర్లో లేరని, విశాఖ గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్తే పైసా తీసుకోకుండా చూస్తారని చెప్పారు. "నీళ్ళు ఇలాగే మానేస్తే మాత్రం ఉన్న కిడ్నీలు పాడవుతాయి" అని కూడా అన్నారు. ఆ మాట నా ముందు అని ఉండకూడదు. అంతదాకా తాగితే భయం. అప్పట్నుంచి తాగకపోయినా భయమే.

మనసు డాక్టరన్న మాట వినగానే నాన్నమ్మ వీధి తలుపేసింది. "పిచ్చాసుపత్రికేటి? రేపు ఈ గుంటని ఎవులు సేసుకుంటారు? ఎవులడిగినా కిడ్నీ అని సెప్పీయండి."

అమ్మా నాన్నా సరేనన్నారు. మా దగ్గర కిడ్నీ అంటే ఎవరూ వింతగా చూడరు, ఎవరూ నవ్వరు. అంత మర్యాదైన జబ్బు ఇంకొకటి లేదు.

తెల్లవారకముందే బయల్దేరి పలాసలో రైలెక్కి విశాఖ వెళ్ళాం. పిల్లల్ని చూసేది వారంలో ఒక్కరోజేనని, అది ఆ రోజు కాదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. కనుక్కోకుండా వెళ్ళిన ఘనులం మేమే. సముద్రం మాత్రం చూసి వచ్చాం, ఇంటి దగ్గర లేనట్టు. రెండోసారి డాక్టరమ్మ దొరికింది. నేను చెప్పిందంతా నవ్వకుండా వింది. మందు రాసి, నీళ్ళు రోజుకో గుక్క చొప్పున పెంచుకుంటూ పొమ్మంది. నాకు ఆవిడ నచ్చింది. వారం తిరిగేసరికి చిన్న గ్లాసు నీళ్ళు తాగగలిగాను.

ఈలోగా ఊళ్ళో నా కిడ్నీల సంగతి పాకింది. ఒక్కొక్కరే ఉప్పులేని వంటలు పట్టుకుని రావడం, నా తల నిమిరి ముక్కు చీదడం. ఒక ముసలావిడైతే, "తాతనాగే ఎలిపోతాదేటో తల్లి" అని నా ముందే శోకం పెట్టింది. విశాఖలో ఒక్క డాక్టరమ్మ జబ్బు లేదంటోంది, ఇక్కడ ఊరు ఊరంతా ఉందంటోంది. నేను మెజారిటీకే ఓటేశాను. గ్లాసు పక్కన పెట్టేశాను. బొండాలూ మానేశాను. మళ్ళీ విశాఖ వెళ్ళినరోజు నాకు నడిచే ఓపిక లేక నాన్న భుజానేసుకున్నాడు.

డాక్టరమ్మ ముందు సెలైన్ పెట్టించి, తర్వాత అమ్మని అడిగింది, ఊళ్ళో ఏమని చెప్పారని. అమ్మ నేల చూపులు చూస్తూ, "కిడ్నీ అని సెప్పేమమ్మా" అంది.

"నేను ఎప్పుడో ఒకసారి లేదని చెప్తాను. మీరు రోజూ ఊరందరి చేతా ఉందని చెప్పిస్తున్నారు. పిల్ల ఎవరి మాట నమ్మాలి?" అంది ఆవిడ.

మర్నాడు ఎదురింటావిడ నాకోసం జావ పట్టుకొచ్చింది. ఆవిడ మొగుడికి నిజంగానే ఆ జబ్బు, మంచం దిగడం లేదు. అమ్మ గిన్నె అందుకోలేదు.

"దీని కిడ్నీలకేటీ నేదొదినా. దీనికి బయ్యం. మేం తీసుకెల్తన్నది మనసు డాట్రమ్మ దగ్గిరికి. డబ్బులుచ్చుకోరు, పిల్లల్నే సూత్తారు. మేమే అబద్దం ఆడీసినాం."

లోపల నాన్నమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఎదురింటావిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"బయ్యానికి డాట్రమ్మ ఉందేటి?" అంది. తర్వాత గొంతు పెరిగింది. "మాయన మంచం పట్టిన కాడ్నుంచి మా సిన్నది బడికెల్దు, రేత్రి పడుకోదు, ఆల నాయన మంచం కోడు ఒగ్గదు. దెయ్యమనుకుని తిప్పని సోటు నేదు. నీకు తెలిసీ నాకు సెప్పనేదేటే? ఎదురింట్లోనే ఉన్నాను కదే! నీ గుంటకి నాను ఉప్పు నేకండా జావ కాత్తన్నాను!"

ఏడుస్తూ, తిడుతూ, జావ గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

నేను మాత్రం ఆ గిన్నె వైపే చూస్తున్నాను. చావుకి దగ్గరైన పిల్ల ఉన్న ఇంటి ముందు మా ఊళ్ళో ఎవరూ అరవరు. రోగిష్టి పిల్లకి తెచ్చిన గిన్నె వెనక్కి తీసుకుపోరు. ఆవిడ తీసుకుపోయింది. అంటే నాకేమీ కాలేదు. డాక్టరమ్మ మందులూ మాటలూ సగంలో వదిలేసిన పనిని ఆవిడ తిట్లు పూర్తి చేశాయి. అమ్మని నీళ్ళడిగాను. గ్లాసు ఖాళీ చేశాను.

అంతటితో భయం పోయిందని కోతలు కోస్తే మీరు నమ్మరు. ఇంకో ఏడాది పట్టింది. ఆ తిట్లు తిట్టిన పై వారమే ఎదురింటావిడా, వాళ్ళ చిన్నదీ మాతో పలాసలో రైలెక్కారు. నా డాక్టరమ్మని ఇంకొకరితో పంచుకోవాలా అని నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. చిన్నది తల్లి కొంగు పట్టుకుని వణుకుతోంది. అది చూసి ఎదురు సీటులో బిడ్డనెత్తుకున్న ఒకావిడ గొంతు తగ్గించి, "కిడ్నీయా అమ్మా?" అంది.

ఎదురింటావిడ గొంతు తగ్గించలేదు. పెట్టెలో అందరికీ వినబడేట్టు, "కాదు, బయ్యం" అంది. "దానికీ డాట్రమ్మ ఉంది. మీ ఊళ్ళో ఎవులి పిల్లలకైనా ఉంటే సెప్పు, ఎక్కడికెల్లాలో నాను సెప్తాను."