కూర్మమ్మ వంగ విత్తనం

చికిటి సంతలో తెల్ల వంకాయ కనిపిస్తే అడగక్కర్లేదు, అది కూర్మమ్మ నారే. గుండ్రంగా, తొడిమ నిండా ముళ్ళతో ఉండే ఆ కాయ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఏటా దసరా వెళ్ళగానే జనం ఆమె పెరటి గుమ్మం ముందు చేరేవారు. అడిగినవాళ్ళకి అడిగినంత నారు పీకి, వేళ్ళకి తడిమట్టి అద్ది, అరిటాకులో చుట్టి ఇచ్చేది. విత్తనం మాత్రం ఒక్క గింజ కూడా ఇచ్చేది కాదు. పక్కింటి జగ్గన్న ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు.

"నారడుగు జగ్గన్నా, ఎంత కావాలంటే అంత అట్టుకెల్లు. ఇత్తనం అడక్కు," అనేది.

పిసినారి అంటే అనండి. అది ఆమె అత్తగారు పోయే ముందు చేతిలో పెట్టిన విత్తనం. తన చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో అది నిలవదని కూర్మమ్మకి గట్టి నమ్మకం. జనం తీరు కూడా అలాగే ఉంది మరి. కాయ లేతగా ఉండగానే కోసుకుని కూర వండుకునేవారు. పండేదాకా ఎవరాగుతారు, వచ్చే ఏడు కూర్మమ్మ ఉందిగా!

ఆ ఏడు మాత్రం ఆ ధీమాకి దెబ్బ తగిలింది. విత్తనానికని వదిలిన కాయల్ని ఎండాకాలంలో మేకలు తినేశాయి. బూడిదలో కలిపి సీసాలో దాచిన పాత గింజలు పిడికెడు మిగిలితే, అన్నీ జల్లేసింది. మంచమంత మడి. మొలిచి పద్దెనిమిది రోజులైంది, మొక్కకి మూడేసి ఆకులు. పీకి నాటాలంటే ఇంకో పది రోజులైనా ఆగాలి. సరిగ్గా అప్పుడే తుఫాను కబురు వచ్చింది. ఈ మడి పోతే ఆ వంగ అనేదే ఇక లేదు. ఆ సంగతి ఆమె కోడలు చందనకి కూడా చెప్పలేదు.

కబురైనా ఒకటే వచ్చిందా, అంటే లేదు. సరిహద్దులో ఉన్న పాపానికి చందన ఫోనుకి రెండు రాష్ట్రాల హెచ్చరికలూ వస్తాయి. తెలుగులో వచ్చిందేమో పెనుగాలులంది. ఒడియాలో వచ్చిందేమో కుండపోత వానంది. ఆటోకి కట్టిన మైకు, బాత్యా (ఒడియాలో తుఫాను) వస్తోంది, రెండు గంటలకల్లా అందరూ హైస్కూలుకి వచ్చేయండి అని అరుచుకుంటూ పోయింది. గాలో వానో అది చెప్పలేదు.

"గాలికైతే ఒక కప్పు, వానకైతే ఇంకో కప్పు. ఏటి సెయ్యాలే ఇప్పుడు?" అంది కూర్మమ్మ.

"నువ్వే సెప్పాల అత్తా. ఎన్ని తుఫాన్లు సూడలేదు నువ్వు!"

చూసింది. అదే ఆమె కష్టం. ఒక తుఫానుకి మొగుడు నీలకంఠం తాటాకులు కప్పితే నారు నిక్షేపంగా బతికింది. తర్వాత ఐదేళ్ళకి ఇంకో తుఫానొస్తే అవే తాటాకుల కింద, మూడు రోజుల ముసురులో, నారంతా కుళ్ళిపోయింది. నీలకంఠం ఉంటే ఏదో ఒకటి గట్టిగా చెప్పి, తప్పైతే తిట్లు తినేవాడు. ఇప్పుడు తిట్టుకోవడానికైనా మనిషి లేడు.

చివరికి తాటాకులే పరిచింది. ఇంతలో బరంపురం నుంచి కొడుకు రవి ఫోను చేశాడు. వాడు అక్కడి గోసాని నువాగాం పేటలో పైపులమ్మే దుకాణంలో పని చేస్తాడు. "తాటాకులు ఎగిరిపోతాయే అమ్మా! నీలం టార్పాలిన్ ఉంది కదా, అది ఏసి నాలుగు మూలలా ఇటికలెట్టు," అన్నాడు. సరే, తాటాకులు తీసి టార్పాలిన్ వేసింది. జగ్గన్న గోడ మీంచి తొంగి చూశాడు.

"వదినా, దాని మీద నీల్లు నిలిస్తే ఆ బరువుకి నారు సచ్చిపోద్ది. సుట్టూ కాలవ తియ్యి, మడి ఇప్పి వదిలెయ్యి."

అదీ నిజమేననిపించింది. కాలవ తీసింది, టార్పాలిన్ మడిచింది. ఎవరు చెప్పింది విన్నా వాళ్ళదే నిజమనిపిస్తోంది, వాళ్ళు అటు తిరగ్గానే అబద్ధమనిపిస్తోంది.

రెండింటికి హైస్కూలుకి వెళ్ళారు. పావుగంట కూడా కూర్చోలేకపోయింది. తలుపు గడియ మరిచానని చందనకి చెప్పి ఇంటికొచ్చి, మళ్ళీ తాటాకులు పరిచింది. స్కూలుకి తిరిగెళ్ళాక మనసాగలేదు. మందుల సంచి మరిచానని ఇంకోసారి వచ్చింది. ఈసారి మొగలి డొంకలు గాలికి ఈల వేస్తున్నాయి. వాన సూదుల్లా ముఖాన కొడుతోంది. ఇంకా ఇక్కడేం పనని వీధిలోంచి ఎవరో ఒడియాలో కేకలేసి తిడుతున్నారు. మడి దగ్గర కూర్చుని గబగబా ఏదో చేసి, పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

"సివరికి ఏటి కప్పినావు అత్తా?" అంది చందన, ఆమె తల తుడుస్తూ. మందుల సంచి మాట నమ్మలేదని ముఖమే చెబుతోంది.

కూర్మమ్మ గుర్తు చేసుకోబోయింది. టార్పాలిన్ లాగినట్టు గుర్తు. తాటాకులు తీసినట్టూ గుర్తే. అది మొదటిసారో ఆఖరిసారో తేలడం లేదు.

"నాకు తెల్దే," అంది. భయమేసింది ఆమెకి. తుఫానుకి కాదు, తన బుర్రకి.

మర్నాడు పొద్దున్న చూస్తే టార్పాలిన్ జగ్గన్న మునగచెట్టుకి వేలాడుతోంది. తాటాకులు నూతిలో తేలుతున్నాయి. మడి మొత్తం బురద. దాని నడుమ, మాకేం తెలీదన్నట్టు, ముప్ఫై ఏడు మొక్కలు నిలబడి ఉన్నాయి.

ఇక చూడాలి సంబరం! టార్పాలిన్ వల్లేనని రవి ఫోనులో. కాలవ తీయించిన తన తెలివేనని జగ్గన్న గోడ మీంచి. ఎంతైనా మావయ్య తాటాకులే కాపాడాయని చందన. కూర్మమ్మ మాత్రం బురదలో చతికిలబడి ఆ మొక్కల్ని చూస్తూ ఉండిపోయింది. బతికాయి, సంతోషమే. కానీ ఎందుకు బతికాయో తెలియదు. మళ్ళీ తుఫానొస్తే ఏం చేయాలో అసలే తెలియదు. ఇన్నేళ్ళూ తన చేతి చలవేననుకున్న విత్తనం, ఆ చేయి ఏం చేసిందో తనకే తెలియకుండా నిలిచింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆ ఏడు ఎవరికీ నారివ్వలేదు. కాయల్లో సగం కోయనివ్వలేదు. అవి పసుపుపచ్చగా పండాక చితక్కొట్టి, నీళ్ళలో కడిగి, అడుక్కి దిగిన గింజల్ని ఎండబెట్టి బూడిద కలిపింది. మూడు మూటలు కట్టింది. ఒకటి ఉట్టిలో పెట్టి, ఒకటి కొడల అనే ఊళ్ళో ఉండే చెల్లెలికి పంపి, మూడోది కొంగున పెట్టుకుని జగ్గన్న గుమ్మం ఎక్కింది.

జగ్గన్న మూట విప్పి, గింజల్ని చూసి, నమ్మలేక ఆమె ముఖం చూశాడు.

"ఇత్తనమే! ఏటి వదినా ఇది? మరి ఇప్పుడైనా నిజం సెప్పు, ఆరోజు ఏటి కప్పినావు?"

"నాకు తెల్దు జగ్గన్నా," అంది కూర్మమ్మ. "అందుకే నీకిస్తన్నాను."