కొండను రెండుసార్లు తీసేశారు

మా ఊళ్ళో మనిషి పోయిన ఐదో రోజున వాళ్ళ బట్టలన్నీ ఏటికి తీసుకెళ్ళి ఉతుకుతారు. మా అక్క సొరైదా బట్టలు ఎక్కువేమీ లేవు. ఉన్ని లంగాలు, ఒక అల్పాకా ఉన్ని శాలువా, మిగిలినవన్నీ ఆసుపత్రి తెల్లకోట్లే. నీళ్ళు మంచుముక్కల్లా కొరుకుతున్నాయి. మా పిన్ని ఒక కోటును బండకేసి రుద్దుతూ దానితోనే మాట్లాడింది. "పెళ్ళికొడుకును చూపిస్తే ముఖం తిప్పుకుంది. నీతోనే కాపురం చేసింది గదే. ఇప్పుడు నిన్నెవరు కట్టుకుంటారు?" ఒడ్డున కోకా ఆకు నములుతున్న ఆడవాళ్ళు నవ్వారు. నవ్వు సగంలో ఏడుపైపోయింది.

అక్క మా ఊరు అంతపుక్రు ఆసుపత్రిలో కాన్పుల నర్సు. డాక్టరు కాదు. అయినా ఊరంతా డాక్టరమ్మా అనే పిలిచేది. మాది గని ఊరు, చెట్టు మొలవనంత ఎత్తు. నేను ఇక్కడి బడిలో సాహిత్యం చెబుతాను. అమ్మానాన్నా పోయాక ఒకే ఇంట్లో ఉన్నాం ఇద్దరం. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను దుంపలు ఉడికించి, జున్ను కోసి పెట్టేవాణ్ణి. తినకుండా కూర్చుందంటే ఆ రోజు ఎవరో పోయారని అర్థం.

ఫ్లోర్మిలా పోయిన రోజు అలాగే కూర్చుంది. గొర్రెలు కాసుకునే మనిషి, పైన గడ్డిమైదానాల నుంచి వచ్చింది. పిల్ల చక్కగా పుట్టింది. తల్లికి రక్తం కట్టలేదు. చివరిదాకా "డాక్టరమ్మా, చలేస్తోంది, ఇంకో దుప్పటి కప్పు" అంటూనే ఉందట. కప్పిందట అక్క. ఆసుపత్రిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పిందట.

"ఒరేయ్ రుఫీనో," అంది అక్క. "కాన్పుకు ముందే ఈ ఆడవాళ్ళకి సూదితో ఐరన్ ఎక్కిస్తే, కొంత రక్తం పోయినా మనిషి నిలబడుతుందా?"

"నన్నడుగుతావేం? నేను పద్యాలు చెప్పేవాణ్ణి."

"డాక్టర్లనీ అడిగాను. వాళ్ళకీ తెలీదు. మా దగ్గర ఏడాదికి ఇద్దరో ముగ్గురో పోతారు. ఆ ఇద్దరు ముగ్గురితో ఏం తేలుతుంది? పక్క ఊరి ఆసుపత్రిలో ఇద్దరు, అడవి ప్రాంతంలో నలుగురు, తీరంలో ఇంకొందరు. ఎవరి శవాలు వాళ్ళు పాతిపెట్టుకుంటున్నారు. అందరం కలిసి ఒకే పద్ధతిలో, ఒకే ప్రశ్న అడిగితే గదా జవాబొచ్చేది."

దేశంలోని ఆసుపత్రులన్నిటినీ ఒక తాడుకు కట్టాలన్న ఆలోచన అలా మా వంటింట్లో పుట్టింది. కాన్పుల నర్సులకు ఫోన్లు చేసింది. వాళ్ళ ద్వారా డాక్టర్లను పట్టుకుంది. సెలవులన్నీ బస్సుల్లోనే అయిపోయాయి. కొందరు నవ్వారు. కొందరు టీ ఇచ్చి పంపారు. చివరికి రాజధాని లీమాలో డాక్టర్ ఒర్మెన్యో అనే పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆయన పరిశోధన సంస్థలో డబ్బుంది, కంప్యూటర్లున్నాయి. లేనివల్లా కొండ ఊళ్ళు. అవి లేకపోతే జాతీయం అన్న మాట పెట్టుకోవడానికి లేదు.

మొదటి సమావేశానికి నేనూ వెళ్ళాను, అక్క సంచులు మోయడానికి. పొద్దున్నంతా ఎవరి పేరు ముందుండాలన్న గొడవే. ఎవరి కుంపటి వాళ్ళదే. అడవి ప్రాంతం నుంచి వచ్చిన మరిల్సా అనే నర్సు ఇక పట్టలేక లేచింది.

"అయ్యలారా, మీ పేర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, రంగు నేను కొనిస్తాను. పని మాత్రం మాకు వదిలెయ్యండి."

ఒర్మెన్యో కూడా నవ్వాడు. సాయంత్రానికి అందరూ సంతకాలు పెట్టారు, ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. బయటికొచ్చాక మరిల్సా అక్కను వాటేసుకుంది. "ఏం వదినా, ఎండకే కందిపోయావే. మా అడవికి రా, ఉడికించి పంపిస్తాను."

ఆ తర్వాత ఒక ఏడాది అక్క సంతోషంగా ఉంది. ఆవిడ జీవితంలో నేను చూసిన సంతోషం అదే. గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ చూస్తారు. పదకొండు కంటే బాగా తక్కువుంటే ఐరన్ ఎక్కిస్తారు. కాన్పులో ఏం జరిగిందో రాస్తారు. అన్ని ఊళ్ళ నుంచీ అంకెలు లీమాకు వెళ్ళేవి, ఎవరికి ఐరన్ ఎక్కించాలో అక్కడి కంప్యూటరే తేల్చేది. ఆదివారాలు ఫోన్ ముందు కూర్చుని ఒక్కో ఊరినీ పలకరించేది. మనవాళ్ళు, మనవాళ్ళు అనేది, ముఖమైనా చూడనివాళ్ళను.

ఇక్కడ కొండ సంగతి చెప్పాలి. పైన గాలి పలచన కాబట్టి ఒంట్లో రక్తం చిక్కబడుతుంది. తీరంలో ఆడమనిషికి పదకొండు ఉంటే ఎంతో, మా ఊళ్ళో పదిహేను ఉంటే అంత. అందుకని మా ప్రయోగశాలల్లో యంత్రం చూపిన అంకెలోంచి నాలుగు తీసేసి రాస్తారు. దాన్ని కొండను తీసెయ్యడం అంటారు. ఏ ఊరికి ఎంత తీయాలో పట్టిక గోడకు అంటించి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. దుంపకు తొక్క తీసినట్టు చెయ్యే తీసేస్తుంది.

లీమాలో కంప్యూటర్ పని చేసిన కుర్ర ఇంజనీరు కూడా మంచివాడే. కొండ ఊళ్ళవాళ్ళకు అన్యాయం జరగకూడదని, ఊరి ఎత్తును బట్టి ఎంత తీయాలో అంతా కంప్యూటరే తీసేలా రాసిపెట్టాడు. ఆ సంగతి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు. మావాళ్ళూ అడగలేదు. వండే ముందు దుంప కడిగావా అని ఎవరైనా అడుగుతారా?

ఒకరోజు ఒర్మెన్యో ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, ఆయన గొంతు గదంతా వినిపించేది.

"ఏమమ్మా సొరైదా, మీ పై ఊళ్ళ ఆడవాళ్ళంతా ఏడూ, ఆరున్నరా! ఇంత తక్కువ రక్తంతో ఆ మేకల్ని ఎలా తోలుతున్నారమ్మా?"

"మేకలు కావండీ, గొర్రెలు," అంది అక్క నవ్వుతూ. ఆ నవ్వు అలాగే ముఖం మీద ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి, శాలువా కూడా కప్పుకోకుండా ఆసుపత్రికి నడిచింది. వెనకే నేను.

ప్రయోగశాలలో తెయోఫిలో ఉన్నాడు. చిన్నప్పుడు మా బడిలో నాకంటే పై తరగతి, ఊళ్ళో పెళ్ళిళ్ళకు బూర వాయిస్తాడు.

"తెయోఫిలో, కొండను తీసే పంపిస్తున్నావా?"

"తీయక? నన్నేమనుకున్నావు, నిన్నగాక మొన్న తీరం నుంచి దిగినవాణ్ణనా?"

అక్క నేల మీద కూర్చుండిపోయింది. తెయోఫిలోకు అర్థంకాలేదు. కళ్ళు తిరిగాయనుకుని మూన్యా ఆకు టీ కాచుకొచ్చాడు. ఆ టీ తాగలేదు ఆవిడ. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, "రెండుసార్లు తీశాం. మనమొకసారి, వాళ్ళొకసారి," అంది.

రక్తం సరిపడా ఉన్న ఆడవాళ్ళందరూ చావుకు దగ్గరగా ఉన్నట్టు లెక్కకెక్కారు. అవసరంలేని వాళ్ళకు ఐరన్ ఎక్కించారు. ఒక ఊళ్ళో ఒకామె సూది పడగానే వణికిపోయి, చాలా రోజులు మంచం మీదే ఉంది. బతికింది. అక్క ఆమె పేరు నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం పూజలో మాత్రం గొణిగేది.

"తీసినదాన్ని తిరిగి కలిపేస్తే సరిపోతుంది గదా," అన్నాను నేను.

"అందరూ తీసి ఉంటే సరిపోయేది. చదువైపోయాక ఏడాది పల్లె సేవకని తీరం నుంచి వచ్చే పిల్లలుంటారు ప్రతి ఆసుపత్రిలో. వాళ్ళకి కొండ సంగతి తెలీదు. ఎవరు తీశారో, ఎవరు తీయలేదో..."

అది తెలుసుకోవడానికి పై ఊళ్ళన్నీ తిరిగింది. వానాకాలం. కొండచరియలు విరిగి దారులు మూసుకుపోయేవి. బస్సు ఆగిన చోట దిగి, బురదలో అవతలికి నడిచి, ఇంకో బస్సు పట్టుకునేది. కొన్నిసార్లు నేను తోడు వెళ్ళాను. ఒక ఊళ్ళో ప్రయోగశాల మనిషి లేచి నిలబడి, చేతులు కట్టుకుని జవాబు చెప్పింది.

"తీస్తామండీ డాక్టరమ్మా. ఎప్పుడూ తీస్తాం."

"నిజం చెప్పు తల్లీ. నేను కోప్పడను."

"అయితే తీయమండీ."

"ఏది నిజం?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరెలా అంటే అలాగే రాశామండీ."

"నేనేమీ అనలేదమ్మా," అంది అక్క. "అనకపోవడం వల్లే ఇదంతా వచ్చింది."

ప్రతిచోటా ఇదే. పెద్దవాళ్ళు వచ్చి అడిగితే, వాళ్ళకు నచ్చే జవాబేదో వెతికి ఇవ్వడం మావాళ్ళకు పాలతో వచ్చిన మర్యాద. ఆ మర్యాద ముందు అక్క ప్రశ్న తలుపు బయటే నిలబడిపోయింది.

ఒర్మెన్యో మంచి దారే చూపించాననుకున్నాడు. "పై ఊళ్ళను పక్కన పెట్టేద్దాం. తీరం, అడవి, వీటి ఫలితాలు శుభ్రంగా ఉన్నాయి. అవి అచ్చువేద్దాం. సంఘం బతుకుతుంది, నీ పేరూ ఉంటుంది. తప్పు గురించి ఊరంతా చాటుకోవడం ఎందుకమ్మా?"

"ఫ్లోర్మిలా పైనే చచ్చిపోయింది డాక్టరు గారూ."

"ఆవిడెవరు?"

ఆ వారమే జరిగినదంతా పరిశోధనలను పర్యవేక్షించే కమిటీకి, అన్ని ఆసుపత్రులకూ అక్కే రాసింది. వాళ్ళు చదివి, అధ్యయనం ఆపించారు. అలా చేయక వాళ్ళకు తప్పదు. అదీ అక్కకు తెలుసు. మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి యంత్రం చూపిన అంకె చూపినట్టే పంపిద్దాం అని చివరి సమావేశంలో బతిమాలింది. నిలబడి బతిమాలింది. ఒక్కొక్క ఆసుపత్రి డైరెక్టరూ తల దించుకుని తప్పుకున్నాడు. తీరంవాళ్ళు కొండవాళ్ళను అన్నారు. కొండవాళ్ళు లీమాను అన్నారు. మరిల్సా ఫోన్‌లో ఏడ్చింది. "వదినా, మా పెద్దాయన నీతో మాట్లాడొద్దన్నాడు. గుసగుసగా మాట్లాడుతున్నాను, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది," అంది అక్క. "మీ దగ్గర కొండ లేదు. నువ్వు అదృష్టవంతురాలివి."

ఊరికి తిరిగొచ్చాక, మా ఆసుపత్రి గోడ మీది పట్టిక చింపేసి తన చేత్తో రాసి అంటించింది: యంత్రం చెప్పింది చెప్పినట్టు రాయి. కొండను తీయకు.

"నాలుగు తీయకుండా రాస్తే నా చెయ్యి నొప్పి పెడుతోంది," అని తెయోఫిలో ఏడిపించేవాడు.

"పెట్టనీ. నీ బూర కంటే నయం."

ఆదివారాలు ఫోన్ దగ్గర కూర్చోవడం మానలేదు. సంఘం లేదు, అధ్యయనం లేదు. అయినా పై ఊళ్ళకు ఫోన్ చేసి కొండను తీయొద్దని చెప్పేది. అందరూ తీయకుండా రాయడం మొదలుపెడితే, ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు మళ్ళీ తాడు కట్టగలరని. కొందరు ఆవిడ గొంతు వినగానే పెట్టేసేవారు. కొందరు ఎత్తేవారు కాదు. ఫోన్ మోగుతూ ఉంటే, "పొలానికెళ్ళుంటారు," అనేది నాతో. ఆసుపత్రిలో పొలమేమిటని నేను అడగలేదు.

ఆవిడ పెదవులు నల్లబడటం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మా ఊళ్ళో ఎక్కువకాలం ఉన్నవాళ్ళలో కొందరికి రక్తం అవసరానికి మించి చిక్కబడుతుంది. తలనొప్పి, ఆయాసం, చెవుల్లో హోరు. కిందికి దిగిపోవడమే మందు. డాక్టర్లు చెప్పారు, నేనూ కాళ్ళావేళ్ళా పడ్డాను. "దిగుతాన్లే, ఈ ఒక్క చలికాలం పోనీ," అనేది. మరిల్సా తన ఇంట్లో గది ఖాళీచేసి పెట్టింది. ఆ గదిలో ఎవరూ దిగలేదు.

చివరిసారి మెట్ల మీద పడిపోయింది. తెయోఫిలోయే రక్తం తీసుకెళ్ళాడు. నేను వరండాలో నిలబడ్డాను. అతను తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఎంత?"

"ఇరవై నాలుగు."

"కొండ తీశాకా, తీయకముందా?"

"తీయలేదు. మీ అక్క తీయొద్దంది గదా." ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "తీసినా ఎక్కువే రుఫీనో. చాలా ఎక్కువ."

లోపల ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. మెలకువగానే ఉంది. మంచం అంచున కూర్చుని అంకె చెప్పాను. దాచిపెడితే ఊరుకునే మనిషి కాదు. పెదవులు కదిపింది, దగ్గరగా వంగాను.

"కొండతోనేనా?"

"కొండతోనే అక్కా."

కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "అన్ని చోట్లా?"

నాకు తెలియదు. "అన్ని చోట్లా," అన్నాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. చిన్నప్పుడు హోంవర్క్ చేశానని నేను చెబితే ఎలా చూసేదో అలా. తెల్లవారకముందే పోయింది.

బట్టలు ఉతికి ఆరబెట్టిన తర్వాతి ఆదివారం ఆవిడ కుర్చీలో కూర్చుని మొదటి నంబరు నొక్కాను. ఎవరూ ఎత్తలేదు. రెండోది చాలాసేపు మోగాక ఒక ఆడగొంతు పలికింది.

"ఎవరండీ?"

"అంతపుక్రు నుంచి. సొరైదా తమ్ముణ్ణి. మీరు రక్తం అంకెలోంచి కొండను తీస్తున్నారా, తీయడం లేదా?"

అవతల ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది.

"మీకెలా కావాలి సార్?" అంది ఆమె మర్యాదగా. "మీరెలా అంటే అలాగే రాస్తాం."