గడప మీది చాయ్

పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. మాది కోస్తా. కొత్తగా డిప్లొమా పూర్తిచేసి, కరెంటు మీటర్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాను. ఇంటావిడ రోజూ పొద్దున్నే వాకిట్లోంచి "బిడ్డా, లేసినవా? చాయ్ తాగు" అని కేకేసేది. ఈ నగరంలో నన్ను పలకరించే మనిషి ఆవిడొక్కతే.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ కేక ఆగిపోయింది. చాయ్ మాత్రం గడప మీద మూతపెట్టి ఉండేది. నేను ఎదురైతే ఆవిడ తల తిప్పుకునేది. మీటరు ముల్లు కదలకపోతే తీగలో కరెంటు లేదని నేర్చుకున్నవాణ్ణి. మనిషినీ అలాగే లెక్కగట్టాను. మాట లేదు కాబట్టి ఇష్టం లేదు. చాయ్‌ని ఆ లెక్కలో చేర్చలేదు.

ఒక సాయంత్రం ట్రంకుపెట్టె సర్దుకుని బయల్దేరాను. ఆవిడ తలుపుకి అడ్డం నిలబడింది.

"ఏడికి?" అంది గొంతు తగ్గించి.

"ఖాళీ చేసేస్తానండీ పిన్నిగారూ. నేనుండటం మీకిష్టం లేదుగా."

"జర మెల్లగ! నేను పల్కరిస్తే నువ్వు జవాబిస్తవ్. నీ మాట గల్లీల ఇనబడ్తే ఆంధ్రోడున్నడని అందరికి ఎర్కైతది. గందుకే నోరు కట్టుకున్న. గిన్ని సదువులు సదివినవ్, గంత తెల్వదా?"

పెట్టె లోపల పెట్టేశాను. ఆవిడ మనసు తెలిసింది కాబట్టి ఇక బెంగ ఉండదనుకున్నాను. అయినా గొడవలు చల్లారేదాకా, రోజూ గడప మీది చాయ్ తెచ్చుకుని, తలుపు వేసుకుని, "తాగాను పిన్నిగారూ" అని నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అనేవాణ్ణి.