మార్కు పెట్టని మూడు డిస్కులు

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్పై ఎనిమిదేళ్లు చేశాను. ఏ యంత్రం విప్పినా ముందుగా భాగాల మీద పంచితో, అంటే మొన ఉన్న ఉలితో, చుక్కలు కొట్టేవాళ్లం. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు. విప్పినవాడు సెలవు పెట్టినా, పోయినా, ఆ చుక్కలు చూసి ఇంకొకడు బిగించగలగాలి. నాకు ఒకరు నేర్పిన చదువు అదే. తక్కినదంతా, కంప్యూటరుతో సహా, మాన్యువళ్లు ముందేసుకుని నాకు నేను చెప్పుకున్నదే.

అలాంటి నేను డిస్కుల మీద ఒక్క చుక్కైనా పెట్టలేదు.

తెలుగు గడ్డకు దూరంగా ఉన్న మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మా తెలుగు చర్చి పాటలు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారని, ఉన్నవాళ్ల చేత పాడించి, ముక్కలుగా మూడు డిస్కుల మీద పరిచి దాచాను. ఒక డిస్కు పాడైనా మిగతా రెండింటి నుంచి దాన్ని తిరిగి తయారుచేసుకోవచ్చు. ఆ ముక్కలు పరిచే పని కంప్యూటరులో ఒక ప్రోగ్రాముకైనా అప్పజెప్పవచ్చు, దానికని వేరే కార్డైనా బిగించుకోవచ్చు. బజారులో దుకాణదారు కార్డే మేలన్నాడు.

"దానికి సొంత బుర్ర ఉంది దాదా. పెట్టీసి మర్చిపోండి."

మర్చిపోయాను. కిందటి వానల్లో ఆ కార్డు కాలిపోయింది. డిస్కులు బాగానే ఉన్నాయి. మూడూ ఊడదీసి, సంచిలో పడేసుకుని దుకాణానికి పోయాను. అక్కడున్న వేరే రకం కార్డు వాటిని గుర్తుపట్టలేదు. కొత్తగా సిద్ధం చేయమంటావా అని అడిగింది.

"యెస్ నొక్కేస్తాను దాదా, ఠీక్ హో జాయేగా."

"చెయ్యి తియ్! తుడిచెయ్యమంటావా అని అడుగుతున్నాది అది!" అని అరిచాను. బజారంతా తిరిగి చూసింది. చూడనీ.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మా అప్ప. బావ పోయి మూడేళ్లు. ఆయన పాడగా రికార్డు చేసిన ఒకే ఒక్క పాట ఆ డిస్కుల్లోనే ఉంది.

"ఏటిరా, డిస్కులు బాగున్నాయంతన్నావు, పాట రాదంతన్నావు? బియ్యం ఉన్నాయి గానీ అన్నం లేదన్నట్టుంది."

"వండే కార్డు పోయింది అప్పా."

"ఇంకోడు వండలేడేటి?"

వండగలగాలి. నా కోపమంతా అక్కడే. పాట మాది, డిస్కు నాది, ముక్కలు పేర్చిన వరస మాత్రం కార్డు చేసినవాడి రహస్యమట! అదే నేను ప్రోగ్రాముకు అప్పజెప్పి ఉంటే, ఆ వరసను డిస్కుల మీదే రాసి ఉంచేది, మా పంచి చుక్కల్లాగా. ఏ కంప్యూటరుకు తగిలించినా తెరుచుకునేవి.

ముందు మూడింటికీ నకళ్లు తీశాను. పాట దొరికేదాకా అసలువాటిని ముట్టలేదు. ఏది ముందో ఏది వెనకో తెలియదు, ముక్క ఎంత పొడవో తెలియదు. నకళ్లను ఒక ప్రోగ్రాముకిచ్చి, వరస మార్చి మార్చి చూస్తూ వారం గడిపాను. ఒకసారి ఫైళ్ల పేర్లు కనిపించాయి గానీ పాట నిండా గరగర. మరో వరస పెట్టాను. బావ గొంతు సవరించుకున్నాడు. పాట ఎత్తుకున్నాడు. చివరిదాకా ఎక్కడా తెగలేదు.

అప్ప కళ్లు మూసుకుని మొత్తం విన్నది.

"మహానుబావుడు, రెండో సరణం ఇక్కడా మర్చిపోనాడు," అంది. "మళ్లీ పెట్టు."

ఆగమన్నాను. పెయింటు తెచ్చి, దొరికిన వరసలో అసలు డిస్కుల మీద చుక్కలు పెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆ తరవాతే పెట్టాను పాట.