ఏడో వరుస, నాలుగో మేకు

గుండె మీద బండ ఉందంటారు. నాకు మాత్రం గుంట ఉంది. ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీకొక్కరికే చెప్తున్నాను.

తొంభైల చివర. రాయదుర్గం వైపు ఆఫీసులు లేస్తున్న రోజులు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేను కొలతకర్ర పట్టే పనిలో కుదిరాను. గళ్ల నోటుబుక్కులా నేలంతా సమాన దూరంలో మేకులు. ఒక్కో మేకు దగ్గర నేను కర్ర నిలబెడితే, కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు మేడమ్ దుర్భిణిలో చూసి ఎత్తు రాసుకునేవారు.

ఏడో వరుస నాలుగో మేకు పాత మట్టిగుంట అడుగున ఉంది. వాన పడి గుంటంతా బురద. నా కాళ్లకు కొత్త చెప్పులు! అంచున చదును నేల మీద కర్ర నిలిపి చెయ్యి ఊపాను. తుమ్మపొదల చాటున మేడమ్‌కు కర్ర తలే కనబడింది.

మేకుల మధ్య ఎత్తులు ఆమె కంప్యూటర్ చెప్పాలి. లెక్కలోనే ప్రతి మేకు మీదా ఒకే ఆకారపు ఊహాగుట్టను జరిపి పెట్టి, దాని ఎత్తు మాత్రం మార్చి, అన్నీ కూడితే కొలిచిన ఎత్తులన్నీ తు.చ. తప్పకుండా రావాలట.

“ఇడ్లీ రేకు లెక్కనే ఉన్నది గదా మేడమ్!” అన్నాను. పగలబడి నవ్వారు.

మేడమ్ పైఅధికారి పెద్దసారు మాత్రం నవ్వలేదు. ఒక మేకు కొలత దాచి, మిగతావాటితో దాన్ని చెప్పమన్నారు. తప్పితే ఆమె కాకినాడ బస్సెక్కాలి. ఆయన వేలు పెట్టింది ఎక్కడో తెలుసా? ఏడో వరుస, నాలుగో మేకు.

లెక్క కలిసింది. కలవదా మరి? చుట్టూ నేల చదును, నేను నిలబడ్డదీ చదునే! మేడమ్ కాజాలు పంచారు. నేను నాలుగు తిన్నాను.

నెల తర్వాత పునాదివాళ్లకు గుంట ఎదురైంది. మేడమ్ ముఖం వాడిపోయింది.

“ఏమయ్యా, మనం కొలిచాక ఎవరైనా తవ్వేశారంటావా?”

“గంతే మేడమ్, మట్టి కోసం తవ్వుకపోయిన్రు. మీరు ఫికర్ జేయకుండ్రి, మీ ఇడ్లీలు మంచిగనే ఉడికినయ్.”

ఆ ముఖం మళ్లీ వెలిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషమే. అదే కదా నా తిప్పలు!

ఆమె కొలువు కాపాడానా, నా చెప్పులా? మంచివాణ్నని చెప్పుకోవాలనే ఉంది, కానీ కర్ర నిలబెట్టిననాటికి ఆ పరీక్షే లేదు, చెప్పులే ఉన్నాయి. నిజం చెబితే ఆమె ఓడిపోయేవారేమో. లేదా మేకులు ఇంకా దగ్గరగా పాతించి నిజంగానే గెలిచేవారేమో. ఆ గెలుపును నేను దక్కనివ్వలేదు.

ఆమె ఇప్పుడెక్కడున్నారో తెలియదు. గుంట పూడిన చోట కార్లు నిలుపుతున్నారు. ఇవాళ మాత్రం మీకీ నిజం చెప్పి కర్ర బురదలోకి దింపాను. హాయిగా ఉంది.

మేడమ్, రాసుకోండి. ఏడో వరుస, నాలుగో మేకు: నిలువెత్తు లోతు.